తీరపల్లెల ప్రణాళికలు, వాని తెలుగు: నెల్లూరు సీమను గూర్చి యొక పరిశీలనము

నెల్లూరు సముద్రతీరమును గూర్చి మేమీ వ్యాసమును తలపెట్టినప్పుడు భూగోళశాస్త్రమును బోధించు మిత్రుడొకడు నవ్వి, తిక్కనను గూర్చియు శాసనములను గూర్చియు మీరు వ్రాసికొనుడు, సముద్రమట్టమును మాత్రము మాకు విడిచిపెట్టుడు అనెను. సముద్రమట్టమును కొలుచు పని మాది కాదని మేమును ఒప్పుకొంటిమి. కాని కొలిచిన కొలతను తీరవాసికి చెప్పవలసినది ఏ భాషలో? తుఫాను వచ్చుచున్నదని చెప్పు ప్రకటన యొక రచన. ఇచ్చట ఇల్లు కట్టరాదని చెప్పు నియమ మొక రచన. రాబోవు ఇరువది ముప్పది యేండ్లలో పల్లె యేమి చేయవలెనో నిర్ణయించు ప్రణాళికయు రచనయే. రచన యన్నంతనే దానికి శ్రోత కలడు, పదము కలదు, అర్థము కలదు, అపార్థమును కలదు. కావ్యమున నొక పదమునకు అపార్థము కలిగినచో వ్యాఖ్యాతలు తగవులాడుకొందురు. ఈ రచనలందు అపార్థము కలిగినచో పడవలు తిరిగి రావు. కావున నీ వాఙ్మయమును విమర్శింపవలసినదే యని మేము నిశ్చయించుకొంటిమి.

మేము పరిశీలనమునకు గైకొన్నది కావలి వైపున తుమ్మలపెంట మొదలు దక్షిణమున పులికాటు సరస్సు వరకు గల తీరము. పూర్వపు నెల్లూరు జిల్లాకు చెందినదిగా చెప్పు సుమారు 169 కిలోమీటర్ల నిడివి యిది. 2022 ఏప్రిలులో జరిగిన జిల్లాల పునర్విభజనమున దుగరాజపట్నము, శ్రీహరికోట, పులికాటు ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినవి గాని మా పరిశీలనమునకు పాతహద్దే యనుకూలము. ఈ తీరమున జువ్వలదిన్నె, ఇసకపల్లి, రామతీర్థము, మైపాడు, కొత్తకోడూరు, కృష్ణపట్నము, తూపిలిపాలెము మొదలగు నూళ్లు కలవు. పెన్న ఊటుకూరు దరిని, కండలేరు కృష్ణపట్నము దరిని సముద్రమున కలియుచున్నవి. తీరమునకు లోపలివైపున బకింగుహాము కాలువ ఉత్తర దక్షిణములుగా సాగియున్నది. ఒకవంక సముద్రము, వేరొకవంక కాలువ, నడుమ ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు, చౌడునేలలు, ఇటీవలి నలుబదియేండ్లలో వచ్చిన రొయ్యలగుంటలు: నేల పల్లపునేల. ఈ యూళ్లకు పేరు పెట్టిన పూర్వులు ఈ సంగతి నెరిగినవారే. దిన్నె యన్నచోట మిట్ట కలదు, ఇసక యన్నచోట ఇసుక కలదు. పటము లేని కాలమున ఊరిపేరే పటము.

ప్రణాళికలందు మొట్టమొదట కనబడు మాట 'వాతావరణ మార్పు'. ఈ సమాసమునందే మాకు మొదటి యభ్యంతరము. వాతావరణ మనగా వాతముయొక్క ఆవరణము, భూమిని కప్పియున్న గాలిపొర. ఆ యర్థమునుండి యది నేటి యెండకు, రేపటి వానకు ప్రాకినది. వాతావరణ సూచన యన్నప్పుడు మనము గ్రహించున దీ రెండవ యర్థమునే. దీర్ఘకాలపు స్థితికి పాఠశాలల భూగోళగ్రంథములు 'శీతోష్ణస్థితి' యని వేరొక మాటను వాడుచు వచ్చినవి. ఆ మాట మిక్కిలి యందమైనదని మేమనము గాని అది భేదమును నిలిపినది. పత్రికలును కార్యాలయములును ఆ భేదమును విడిచిపెట్టినవి. ఇంగ్లీషువానికి వెదరు, క్లైమేటు, అట్మాస్ఫియరు అని మూడు మాటలుండగా మనకు మూటికిని వాతావరణ మొక్కటే మిగిలినది. వాతావరణము మారుచున్నదని చెప్పినచో తీరవాసి ఆకాశమువంక చూచి ఔననును. అది దినదినము మారునదే గదా! ముప్పది యేండ్ల సగటు తన చోటునుండి జరుగుచున్నదను వార్త ఆ మాటలో నెచ్చటను లేదు.

ఆ భావమునకు పల్లెలో మాట లేదనుట పొరపాటు. కార్తె కలదు. సూర్యుడొక్కొక్క నక్షత్రమున నుండు పదుమూడు పదునాలుగు దినముల కాలమునకు కార్తె యని పేరు. ఏ కార్తెలో ఏ గాలి వీచును, ఏ చేప దొరకును, ఏ వాన పడును అను తెలివి యొక దినమున గలిగినది కాదు. పెక్కుతరములు చూచి చూచి కట్టిన సగటు అది. దినము తప్పినచో ఎవరును వింతపడరు. కార్తె తప్పినచో మాత్రము ఊరంతయు చెప్పుకొనును. శాస్త్రజ్ఞుడు శీతోష్ణస్థితి యనునది కర్షకునకును పల్లెకారునకును కార్తెయే. కావున 'కార్తెలు తప్పుట' యని మొదలిడినచో ప్రణాళిక తొలివాక్యమే యర్థమగునని మా యభిప్రాయము. ఇది శాస్త్రపరిభాషకు బదులు గాదు, దానికి వాకిలి.

ఐనను కార్తెను మేము నెత్తిన పెట్టుకొనము. దానిని పరీక్షింపవలెను. ఈ సీమకు ప్రధానమైన వాన ఈశాన్య ఋతుపవనము వలన, అనగా చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలలో వచ్చును. 1927 నవంబరు ఆరంభమున నెల్లూరును తాకిన తుఫాను స్వాతిలోనిది. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తీరమెక్కినదియు, 1989 నవంబరు రెండవ వారమున కావలి దగ్గర వచ్చినదియు విశాఖలోనివి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, విశాఖ చివరను వచ్చెను. ఇంతవరకు కార్తెలెక్క సరిపోయినది. కాని 1979 మే నెల తుఫాను కృత్తికలోనిది; 1990 మే నెలది భరణిలోనిది; 2010 మే 20న బాపట్ల దగ్గర తీరమును చేరిన లైలా మరల కృత్తికలోనిదే. ఆ కాలమున పల్లెకారుడు భయపడునది యెండకే. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు తూర్పుతీరమున యాంత్రికపు పడవలకు వేట నిషేధము గలదు గాన నేడవి నడిసముద్రమున నుండవు, ఒడ్డున నుండును; ఉప్పెనకు ఒడ్డుననున్న పడవయు లోకువయే. వృద్ధుల జ్ఞాపకమున నవంబరు నాటికి సంసిద్ధత గలదు, మే నెలకు లేదు. ప్రణాళిక పూరింపవలసిన ఖాళీలలో నిదియొకటి. పల్లెకారుని తెలివిని పొగడి యూరకుండు మన జానపద పరిశోధకులకు (మమ్మును కలుపుకొని చెప్పుచున్నాము) ఈ ఖాళీ కనబడలేదు.

సముద్రమట్టమును గూర్చి చెప్పు తీరును చూతము. 1901 నుండి 2018 వరకు భూగోళమందలి సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదనియు, 2006 నుండి 2018 వరకు ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుచున్నదనియు అంతర్జాతీయ నిపుణ సంఘము తన యారవ నివేదికలో చెప్పినది. 20 సెంటీమీటర్లనగా జానెడునకు కొంచెము తక్కువ. నూరేండ్లకు పైబడి జానెడు! వినువానికి నవ్వు వచ్చును. నిలువున మనిషినెత్తు లేచు అలలతో దినమును గడుపువానికి జానెడొక లెక్కయా? ఇక్కడనే వాక్యనిర్మాణము తప్పుచున్నది. పల్లపునేలపై నిలువున జానెడు లేచిన నీరు అడ్డముగా ఎన్ని బారలు లోపలికి వచ్చునో చెప్పవలెను. తాగునీటికి త్రవ్వుకొన్న దొరువులో ఉప్పెప్పుడు తగులునో చెప్పవలెను. ఈ సీమలో దొరువనగా ఇసుకనేలలో లోతు లేక త్రవ్వు నీటిగుంట. ఇసుకలోని మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును గాన తీరమున సముద్రపు మార్పు తొలుత తెలియునది అలలో గాక దొరువులోనే. రేపు వచ్చు ఉప్పెన నిన్నటి మట్టముమీద గాక, ఈ జానెడు పెరిగిన మట్టముమీద నెక్కి వచ్చునని చెప్పవలెను. అప్పుడు జానెడు లెక్కలోనికి వచ్చును.

ఇక తుఫాను ప్రకటనల తెలుగు. దీనిని మేము నిందింపబోము. మన కాలపు తెలుగుగద్యములో నింతగా వినబడినది మరియొకటి లేదు. కొన్ని మాటలు మెచ్చదగినవి. 'వాయుగుండ' మను మాటను కల్పించినవారెవరో గాని, సుడిగుండమును కన్నులార చూచిన నావికునకు గాలిలో సుడి యెట్లుండునో ఒక్క పదముతో చూపించిరి. 'అల్పపీడన' మట్లు గాదు. అది మాటకు మాట తెలిగింపు. అల్ప మన్నందున వినువాడు అల్పముగానే తీసికొనును. రెండు మూడు దినములు ముసురు పట్టినచో అల్పపీడనము పట్టినదందురు. ఆ మాట పల్లెలో ముసురునకు పర్యాయపదమై కూర్చున్నది.

దోషము పదములలో కంటె సోపానములో నెక్కువగా నున్నది. గాలివేగము గంటకు 31 నుండి 50 కిలోమీటర్ల వరకున్నచో వాయుగుండము, 51 నుండి 62 వరకు తీవ్ర వాయుగుండము, 63 మొదలు తుఫాను, 89 మొదలు తీవ్ర తుఫాను, 118 మొదలు అతి తీవ్ర తుఫాను. మెట్లన్నియు గాలితో కొలిచినవి. వాన కీ మెట్లలో చోటు లేదు, ఉప్పెనకు చోటు లేదు. ఇందువలన గలుగు ననర్థమును 2021 నవంబరు చూపినది. ఆ నెల 19న చెన్నై సమీపమున తీరము దాటినది తుఫాను గాదు, పేరు లేని వాయుగుండము. సోపానమున క్రింది మెట్టు. దాని వాన పెన్న పరీవాహమున పడినది. కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఆ దినముననే తెగినది. సోమశిలనుండి పెన్నలో దిగిన వరద నెల్లూరు దగ్గర పడుగుపాడున రైలుమార్గమును దెబ్బతీసినది, కోవూరు వైపున జాతీయరహదారి తెగినది. తుఫాను కాదు, వాయుగుండమేనట యని ధైర్యము చెప్పుకొన్నవారి యిండ్లలోనికి నీరు వచ్చినది. వానికి ధైర్యము చెప్పినది మన పరిభాష.

'తీరము దాటుట' యను ప్రయోగ మింతకంటె నపాయకరమైనది. సుడి కేంద్రము సముద్రమును విడిచి నేలపై నడుగిడు సమయమునకు ఈ పేరు. కాని తెలుగున దాటుట యనగా గడచిపోవుట. ఏరు దాటితిమి, గండము దాటితిమి అందుము. తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటుననగానే మైపాడువాడు తనది గాదని యనుకొనును. దాటినదనగానే గండము గడచినదని యనుకొనును. 2020 నవంబరు 25 రాత్రి నివర్ పుదుచ్చేరి దగ్గర దాటెను. భారీవానలు నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలను ముంచినవి. 2023 డిసెంబరు 5న వచ్చినది బాపట్ల దగ్గర దాటెను. అంతకు ముందది నెల్లూరు తీరమునకు సమీపముననే, ఇంచుమించు సమాంతరముగా ఉత్తరదిశకు నడచినది. దాటుచోటు ముఖ్యము గాదు, దారి ముఖ్యము. ఆ వానల పిదప విడవలూరు వైపున నొక పాలెమున మమ్మొక వృద్ధుడు అడిగినది యిదియే: వాళ్లది దాటినప్పుడు మాకు నీళ్లెట్లు వచ్చినవి? ఆ ప్రశ్నకు మేము చెప్పిన సమాధానము చాల పొడవైనది, మాకే తృప్తినీయలేదు. 'నేల తాకుట' యన్నను కొంత మేలు. తాకుటలో తగులుట గలదు, గడచిపోవుట లేదు.

రేవులలో నెగురవేయు సూచికల సంగతియు చెప్పవలెను. కృష్ణపట్నము రేవులో మూడవ నంబరు ప్రమాదసూచిక యనియు, ఐదవ నంబరు ప్రమాదసూచిక యనియు పత్రికలలో చదువుచుందుము. ఒకటి మొదలు పదునొకండు వరకు గల యీ యంకెలు ఒకదానికంటె నొకటి యెక్కువ ప్రమాదమును తెలుపునని చదువరి భావించుట సహజము. నిజమట్లు గాదు. ఐదు, ఆరు, ఏడు అను మూడును ఒకేవిధమైన తీవ్రతను తెలుపునవి. తుఫాను రేవునకు ఏ ప్రక్కగా పోవునో, రేవుమీదుగానే పోవునో యను భేదమే వానిలో గలదు. ఎనిమిది, తొమ్మిది, పదియు నట్లే, ఇంకను తీవ్రమైన తుఫానునకు. పదునొకండు అన్నిటికంటె ఘోరమైనది గాదు. వార్తాసంబంధములు తెగిపోయినవని మాత్రమే దాని యర్థము. ఇది నావికులకు నావికులు వ్రాసికొన్న గుర్తుల భాష. దానిని విప్పి చెప్పక యంకెనొకదానిని పత్రికలో నచ్చువేయుట, పద్యమునకు టీక వ్రాయుమన్నచో ఛందస్సుపేరు వ్రాసి యూరకుండుట వంటిది.

ఇన్ని యరువుమాటల నడుమ మనకొక సొంతమాట కలదు: ఉప్పెన. అల వచ్చి వెనుకకు పోవును. ఉప్పెన యట్లు గాదు. సముద్రపు మట్టమే లేచి నేలమీదికి నడచును. దివిసీమలో 1977న సుమారు పదివేలమందిని బలిగొన్నది గాలికంటె నెక్కువగా నీ నీరే. ప్రకటనలలో నింత స్పష్టమైన మాటను విడిచి, అలలు సాధారణముకంటె మీటరు ఎత్తున నెగసిపడునని వ్రాయుట మేము పెక్కుమారులు చూచితిమి. అల యనగానే పల్లెకారుడు భయపడడు, అది వాని వృత్తి. ఉప్పెన యనగానే పిల్లలను లేపును.

పేర్లను గూర్చి యొక్క మాట. ఉత్తర హిందూ మహాసముద్రపు తుఫానులకు 2004 నుండి దేశములు వంతులవారిగా పేర్లిచ్చుచున్నవి. వ్యవహారమున కది మేలే. కాని పూర్వము దివిసీమ ఉప్పెన, కావలి తుఫాను అని యూరిపేరుతో పిలిచినందున ఎచ్చట నేమి జరిగినదో పేరులోనే నిలిచినది. 2023 నాటి దానిని మన పత్రికలు మిచౌంగ్ అనియు మిచాంగ్ అనియు మిగ్‌జాం అనియు వ్రాసినవి. మనుమలకు చెప్పునప్పుడు ఆ పల్లెవారు దానినేమని పిలుతురో మేమెరుగము. ఆ మూటిలో నొకటి మాత్రము కాదు.

హెచ్చరిక దినములలో తీరును. ప్రణాళిక యేండ్లకు సంబంధించినది, దానికి ఆధారము చట్టము. తీరప్రాంత నియంత్రణ నియమములు 1991లో మొదట వచ్చి, 2011లోను 2019లోను మారినవి. అవి యన్నియు నొక గీతనుండి కొలుచును: హై టైడ్ లైన్. ఈ పేరు వినినవానికి యంత్రములతో గీచిన గీత వలె తోచును. నిర్వచనము చూచినచో అది మిక్కిలి సులభము. పెద్దపోటు కాలమున నీరు నేలపై నెంతవరకు ఎక్కునో యదియే గీత. పెద్దపోటులు వచ్చునవి అమావాస్యకు, పున్నమకు. ఇది పల్లెలో పదేండ్ల పిల్లవానికి తెలిసిన గీత! పోటుగీత యన్నచో వాడు పోయి కాలితో గీచి చూపును. పటములో తప్పున్నచో తప్పని చెప్పును. హై టైడ్ లైన్ అన్నచో ఆఫీసువారు చెప్పినదే నిజమని ఊరకుండును. పేరు మార్చినంతనే తగవులాడు హక్కు వచ్చును.

1991 నుండి ఈ నియమములలో నొక మండలమున క్రొత్త నిర్మాణములు సాధారణముగా నిషిద్ధములు. దాని యింగ్లీషుపేరును మక్కికి మక్కిగా 'అభివృద్ధి రహిత మండల' మని తెలిగించినచో నెంత యనర్థమో చూడుడు. ఇంగ్లీషున ఆ పదమునకు కట్టడములు కట్టుట యను నర్థము గలదు. తెలుగున అభివృద్ధికి మేలగుట తప్ప వేరర్థము లేదు. మీ పల్లె అభివృద్ధి లేని మండలములో నున్నదని చెప్పినచో ఏ పల్లెవాడు సంతకము చేయును? 'కట్టడములకు విడిచిన నేల' యన్నచో చాలును. 2019 నియమముల ప్రకారము, 2011 జనాభా లెక్కలలో చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించిన సాంద్రతగల గ్రామీణ ప్రాంతములలో ఈ నేల పోటుగీతనుండి 200 మీటర్లకు బదులు 50 మీటర్లే. కాని తగిన సంప్రదింపులతో క్రొత్త తీరప్రణాళిక సిద్ధమైన పిదపనే యీ సడలింపు. ఈ నిబంధనలోనే పల్లెకు మాటాడు చోటు గలదు. పడవకు కనుచూపు మేరలో ఇల్లుండుట పల్లెకారునకు జీవనాధారము గాన సడలింపును మేము తప్పుపట్టము. కాని ఆ 150 మీటర్ల నేలలో తరువాత ఇల్లు కట్టునది పల్లెకారుడా, సముద్రము చూడవచ్చిన వేరొకడా యను ప్రశ్న మిగిలియున్నది.

సంప్రదింపునకు పెట్టు పటములు 1:25,000 ప్రమాణమువి. ఆ పటముపై 50 మీటర్లనగా రెండు మిల్లీమీటర్లు. గ్రామస్థాయి పటముల ప్రమాణము 1:3,960. దానిపై సుమారు పదుమూడు మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లలో తన యిల్లు గీతకు లోపలనో వెలుపలనో యెవరు చెప్పగలరు? పెన్సిలు గీత మందమే అరమిల్లీమీటరు గదా. కాగితముపై పటమును చూపి అభ్యంతరములు చెప్పుడనుట, అక్షరము గానరాని ప్రతినిచ్చి పాఠభేదములు వ్రాయుమనుట వంటిదని ప్రాచీనగ్రంథములను పరిష్కరించు మా మిత్రులు గ్రహింతురు గాక.

ఈ సందర్భమున మాకు మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చుచున్నది. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోనిది, మా తీరమునకు ఉత్తరమున నున్న పాతరేవు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అచ్చట నొక స్తంభముపై అభయశాసనమును వేయించెను. తుఫానునకు చిక్కి పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకునంతయు పూర్వపురాజులు బలిమిని తీసికొనుచుండిరనియు, తానట్లు చేయక నిర్ణీతమైన సుంకమును మాత్రమే గైకొని మిగిలినది విడిచిపెట్టుదుననియు అందు చెప్పెను. రాజప్రశస్తి సంస్కృతమున నున్నది. ఏ సరుకునకెంత సుంకమో చెప్పు భాగము తెలుగున నున్నది. ఇది వర్తకులకు వ్రాసినది, పల్లెకారులకు గాదు. ఏడువందల యేండ్లనాటి దానిని తలకెత్తుకొని యూరేగవలెనని మేమనము. ఐనను రచనావిధానమును చూడుడు. పూర్వము జరిగిన తప్పును తప్పని యొప్పుకొన్నది. ప్రభుత్వము తీసికొనునదానికి హద్దు చెప్పినది. లెక్క యెవరికి కావలెనో వారి భాషలో వ్రాసినది. రేవులో నిలిపినది. 2008లో వచ్చిన జాతీయ కార్యాచరణ ప్రణాళికగాని, దానిననుసరించి రాష్ట్రములు వ్రాసికొన్నవి గాని ఇంగ్లీషున నున్నవి. తీరమున నే రాతిమీదను లేవు.

గ్రామమునకు తనదైన ప్రణాళికాపద్ధతి మునుపు లేదా? కలదు. పులికాటు సరస్సులో 'పాడు' అను నేర్పాటు గలదు. వేటచోటులను కుటుంబములు వంతులు వేసికొని పంచుకొందురు. మంచిచోటు ఎల్లకాల మొక్కనికే దక్కదు. తగ్గుచున్న వస్తువును తగవు లేక పంచుకొనుట యెట్లో వారికి చెప్పనక్కరలేదు. కాని సరస్సునకు సముద్రముతో కలయిక తెగినచో పంచుకొనుటకు వేటయే యుండదు. రాయదొరువు, కొండూరుపాలెము వైపుల మొగలు ఇసుకతో పూడిపోవుటయే యచ్చటి మొర. కార్యాలయములవారు దీనిని 'ముఖద్వారము' అందురు. ద్వారము తెరచినచో తెరచియే యుండును. మొగ యట్లుండదు, ఏటేట కదలును, మూయును, తెరచును. ముఖద్వార మనుకొన్నవారు ఒకమారు త్రవ్వించి బిల్లు వ్రాసికొందురు. మొగ యనుకొన్నవారు ఏటేట చూడవలసినదని తెలిసికొందురు.

ఇసుక కదలిక మొగలకే పరిమితము గాదు. ఈ తీరమున అలలు ఏడాది మొత్తముమీద ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు మోయును. సముద్రములోనికి గోడ కట్టినచో దక్షిణమున ఇసుక చేరును, ఉత్తరమున నేల తెగును. చెన్నై రేవు కట్టిన పిదప మెరీనా యొడ్డు పెరిగి రాయపురము వైపు కోతకు గురియైనది. తెగుటకు మనము 'కోత' యందుము, పంటకును కోతయే. ఒకరి కోత వేరొకరి పంట యగుచున్నదా యని క్రొత్త రేవులు, చేపలరేవులు వచ్చుచున్న ఈ తీరమున నడుగుట తప్పుగాదు. ప్రణాళికలో గోడకు ఉత్తరమున నున్న పల్లె పేరు వ్రాయవలెను. పేరు లేనిదే నష్టమునకు బాధ్యుడుండడు.

పల్లెలలో 'దురాయి' యను కట్టుబాటు గలదు. నిఘంటువులలో దీనికి ఆన, నిషేధము అని యర్థము. పెద్దలు దురాయి వేసినచో ఆ దినమున ఒక్క పడవయు నీటిలో దిగదు. జిల్లా యధికారి యుత్తరువునకు లేని బలము దీనికి గలదు. తుఫాను దినములలో దీనికంటె మేలైన సాధనము లేదు. అయితే ఇదే దురాయితో కుటుంబములను వెలివేసిన కథలును గలవు. పెద్దల మాటకు ఎదురాడిన స్త్రీలకు, బీదలకు దాని బరువు తెలియును. కావున ప్రణాళికను పెద్దల చేతికిచ్చి వచ్చుట గాక, గ్రామసభలో అందరియెదుట చదివి, తెలుగున వ్రాసి, గోడకు వేయవలెను. ఏ వీథికి నీరు ముందు వచ్చును, ఏ దొరువు ఏ నెలలో ఉప్పగును, కాలువపై వంతెన నీట మునిగినచో వేరుదారి యేది, షెల్టరు తాళము ఎవరియొద్ద నున్నది, పడవకు పరిహార మడుగుటకు ఏ కాగితము కావలెను, పదేండ్లలో ఇండ్లు వెనుకకు జరుపవలసివచ్చినచో ఏ దిన్నెకు జరుపవలెను, ఆ దిన్నె ఇప్పుడెవరి స్వాధీనమున నున్నది. ఈ కడపటి ప్రశ్నకు జవాబు వ్రాయుట యన్నిటికంటె కష్టము. తీరమున మిట్టనేల యంతయు పల్లెకారులది కాదు.

మా శాఖలవారికిని ఇందు పని గలదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదములకు మాండలిక వృత్తిపదకోశము వెలువడినప్పుడు ఊరూర తిరిగి మాటలను సేకరించు పద్ధతి స్థిరపడినది. ఆ పద్ధతితోనే తీరమున గాలి, నీరు, ఇసుక, ఉప్పు, హద్దు అను నైదింటికి సంబంధించిన మాటలను పల్లెపల్లెకు సేకరించి ప్రకటనలు వ్రాయువారి బల్లపై నుంచవచ్చును. ఒకటి మాత్రము మరువరాదు. ఈ తీరమున పట్టపుపాలెములు పెక్కు గలవు. పట్టపువారి యింటిభాష తెలుగు గాదు, తమిళమునకు చేరువైనది. మనము వ్రాయు శుద్ధమైన తెలుగును వారికి రెండవభాషయే.

మైపాడు దరి నట్టి పాలెమొకదానిలో మేమొక సాయంకాల ముండగా ఫోనునకు హెచ్చరిక వచ్చెను. పదునాలుగేండ్ల బాలిక దానిని తెలుగున పైకి చదివెను; వాయుగుండము, తీరము దాటుట, గంటకిన్ని కిలోమీటర్లు. పిమ్మట అవ్వవైపు తిరిగి ఇంటిభాషలో రెండు వాక్యములు మాత్రము చెప్పెను. ఏమి చెప్పితివని మేమడుగగా తెలుగున మరల చెప్పెను: ఎల్లుండివరకు పడవ దింపరాదు, రాత్రి నీళ్లు కాలువదాక వచ్చినట్లైన షెల్టరునకు పోవలెను. రెండవవాక్యము ఆ సందేశమున లేదు. అది యెచ్చటిదని యడిగితిమి. తానే చేర్చితిననెను.